నిజాం నాటి కోర్టు కాగితాలు చదివిపెట్టే సాబ్, నల్లగొండ

ఇంటి పెద్దల పేర్లు వెతికేవాళ్లు ముందు తహసీల్ ఆఫీసుకే పోతారు. 1954-55 ఖాస్రా పహాణీ నకలు నా దగ్గరా ఉంది. సర్వే నంబరు, విస్తీర్ణం, మా ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు. అంతే. శిస్తు ఎవరు కట్టాలో చెప్పే కాగితానికి ఇంట్లో ఎవరెవరున్నారో ఎందుకు? ఆడవాళ్లయితే అందులో దాదాపు కనపడరు.

అదే పంపకాల దావా నడిచిన ఇల్లయితే కోర్టు రికార్డు రూమే దిక్కు. వాటా అడగాలంటే వంశవృక్షం చూపించాలి కదా. వితంతువులు, మైనర్లు కూడా పేరుపేరునా పార్టీలుగా ఉంటారు. మా దేవరకొండ వైపు అన్నదమ్ములు అలాగే కోర్టుకెక్కారు. కేసులో పార్టీ కానివాళ్లు నకలు అడిగితే ఎందుకో అఫిడవిట్ పెట్టాలి, స్టాంపులు కట్టమనే జాబితా నోటీసు బోర్డు మీద పడేదాకా చూడాలి. నేను వెళ్లిన ఆఫీసులో ఆ జాబితా ఎప్పుడు పడుతుందో చెప్పే నాథుడు లేడు. సరే, చివరికి తీర్పు చేతికొచ్చింది. మొత్తం ఉర్దూ, అదీ గొలుసుకట్టు చేతిరాత.

ఈ సాబ్ దగ్గరికి అప్పుడే వెళ్లాను. స్టాంపు వెండర్ల వరుసలో చిన్న గది, ఒక టేబులు, భూతద్దం. ఉర్దూ వచ్చినవాళ్లు నల్లగొండలో బోలెడుమంది. కానీ చుక్కలు పెట్టకుండా రాసిన ఈ శికస్తా రాత చదవడం వేరే విద్య. మా కాగితంలో ఒక పేరు దగ్గర ఆయన చాలాసేపు ఆగారు. "చుక్కల్లేకపోతే పాపయ్య, బాపయ్య, తాతయ్య మూడూ ఒకటే బిడ్డా" అంటూ మూడూ రాసి చూపించారు. నిజంగానే తేడా లేదు. ఊహించి చెప్పేయలేదు, ముందు పేజీల్లో అదే పేరు చుక్కలతో ఉన్నచోటు పట్టుకుని బాపయ్య అని తేల్చారు. బాపయ్య పేరు పక్కనే "బేవా", అంటే వితంతువు, అని ఇంకో పేరు, నర్సమ్మ. మా ముత్తాత తల్లి. మా ఇంట్లో ఎవరికీ తెలియని పేరు.

ఫీజు పేజీకి రెండు వందలు, ముందే చెప్పారు. నాకు ఎక్కువనిపించలేదు. రెండు లోపాలు మాత్రం ఉన్నాయి. తెలుగులో రాసిచ్చేది చేత్తోనే, అక్షరం కోడిగీతలు. తేదీలు ఫస్లీలోనే, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్కలోనే వదిలేస్తారు, ఇంగ్లీషు ఏడాది లెక్క మనమే వేసుకోవాలి. 590 కలపమని అందరూ చెప్తారు గానీ నిజాం ఫస్లీ ఏడాది ఆజూర్ నెలతో అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి జనవరి మొదలు వచ్చే తేదీలకు 591 కలపాలి. మా తీర్పు అమర్దాద్ నెల, ఫస్లీ 1338. అంటే 1928 కాదు, 1929 జూన్ ప్రాంతం.

వాట్సాప్‌లో ఫొటో పంపితే చూడరు, కాగితమే తేవాలి. ఏ3 సైజులో పెద్దగా జిరాక్స్ తీయించుకుని పొండి, ఆయనకూ సుఖం, మీ పనీ తొందరగా అవుతుంది. ఊళ్లో మీ వాళ్ల ఇంటిపేర్లు, పక్క ఊళ్ల పేర్లు ఒక చీటీ మీద రాసుకెళ్తే ఇంకా మంచిది, సగం అక్షరాలు ఆయన వాటిని బట్టే గుర్తుపడతారు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం నమాజుకు పోతారు, ఆ పూట వెళ్లకండి.