రీఫ్ ట్యాంకుకు ఏ నీళ్లు: సముద్రానివా, ఉప్పు పొడివా?

విశాఖలో 500 లీటర్ల రీఫ్ ట్యాంకు (పగడాలు, సముద్రపు చేపలు పెంచే అక్వేరియం) పెట్టేవాళ్లకి మొదటి పేచీ ఇదే: సముద్రపు నీళ్లు తెచ్చుకోవాలా, శుద్ధి చేసిన నీళ్లలో రీఫ్ ఉప్పు పొడి కలిపి చేసుకోవాలా? వారానికి 10 శాతం నీళ్లు మార్చాలంటే 50 లీటర్లు కావాలి.

సముద్రపు నీళ్లు ఊరికే వస్తాయి, మోత కూలి తప్ప. హార్బరు దరిదాపుల్లోవీ, గెడ్డలు (వాగులు) కలిసే చోటివీ వద్దు. రుషికొండ దాటి భీమిలి వైపు, వాన వెలిసి నాలుగైదు రోజులయ్యాక, పోటు మీద పట్టాలి. 5 మైక్రాన్ల ఫిల్టర్ సాక్‌లో వడగట్టి, మూతపెట్టిన డ్రమ్ములో పది రోజులు చీకట్లో ఉంచితే ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) చచ్చి అడుగున మడ్డి కడుతుంది. పైతేటే తోడుకోవాలి. అసలు చిక్కు వానల తర్వాత: నదుల వరద కలిసి బంగాళాఖాతం ఉప్పదనం పడిపోతుంది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ 31 (వెయ్యి పాళ్లలో 31 పాళ్ల ఉప్పు) చూపిస్తే, 35కి తేవడానికి 50 లీటర్లకి సుమారు 210 గ్రాముల రీఫ్ ఉప్పు కలపాలి.

అంతా పొడితోనే అయితే దాదాపు 1.8 కిలోలు. జేబుకి చిల్లే, కానీ కాల్షియం, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాసే గుణం) ప్రతిసారీ ఇంచుమించు ఒకేలా వస్తాయి. నీళ్లలో ఉప్పు వెయ్యాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం కార్బనేట్ తెల్లగా పేరుకుపోతుంది. వంటింటి ఆర్‌ఓ చాలదు, డీఐ (మిగిలిన లవణాలని పట్టేసే రెజిన్ ఫిల్టర్) కూడా దాటి టీడీఎస్ (నీళ్లలో కరిగిన పదార్థాల కొలత) సున్నాకి రావాలి. ఆవిరైన నీటి బదులు పోయడానికి సముద్రపు నీళ్లవాళ్లకీ ఆ శుద్ధి యూనిట్ తప్పదు లెండి.

చేపలే అయితే సముద్రం చాలు. గట్టి పగడాలుంటే వానాకాలం నుంచి సంక్రాంతి దాకా పొడే నయం.