లైను చివరి ఇంట్లో 3 కిలోవాట్ల సోలార్: వోల్టేజీ సంగతులు

సూర్యఘర్ పథకంలో 78,000 రూపాయల సబ్సిడీతో 2024లో పెట్టించాం. ప్యానెళ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అప్పుడప్పుడు దుమ్ము కడిగితే చాలు. తలనొప్పంతా వోల్టేజీతోనే.

సంక్రాంతి వెళ్లాక ఎండ బాగుంటుంది, ఏసీలు ఇంకా మొదలవ్వవు. సరిగ్గా ఆ మధ్యాహ్నాల్లోనే ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ (లైనులో వోల్టేజీ ఎక్కువైంది) అని చూపించి, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఆగిపోయేది. తప్పు దానిది కాదు. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్లు 11 కేవీని 433 వోల్టులకు దించుతాయి, అంటే ఫేజుకు 250. లోడు పడి దారిలో తగ్గి, చివరి ఇంటికి 230 దాకా చేరుతుందని పాత లెక్క. సోలార్ వచ్చాక కరెంటు మనింటి నుంచే ఎదురు వెళ్తుంది, కాబట్టి చివర్లోనే వోల్టేజీ ఎక్కువ. 230 మీద పది శాతం, అంటే 253 దాటితే ఇన్వర్టర్ లైను నుంచి విడిపోవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన. మళ్లీ కలవడానికి కాసేపు ఆగుతుంది, కలిసిన కాసేపటికే మళ్లీ ట్రిప్.

ఇన్‌స్టాలర్ వచ్చి ఇన్వర్టర్‌లో వోల్ట్-వార్ అనే సెట్టింగ్ ఆన్ చేశాడు. వోల్టేజీ పెరిగేకొద్దీ ఇన్వర్టర్ లైను నుంచి రియాక్టివ్ పవర్ (నికరంగా ఏ పనీ చేయకుండా లైనుకీ పరికరాలకీ మధ్య అటూ ఇటూ తిరిగే పవర్) లాక్కుని దాన్ని కిందికి దింపాలి. పనిచేస్తుంది, కానీ మీటరు దగ్గర తేడా ఒకటి రెండు వోల్టులే. ఇళ్లకొచ్చే సన్న వైర్లలో రెసిస్టెన్సే ఎక్కువ, రియాక్టెన్స్ (ఏసీ కరెంటు మారుతూ ఉండడం వల్ల వైరులో కలిగే అడ్డు) తక్కువ. రియాక్టివ్ పవర్ వోల్టేజీని దింపేది ముఖ్యంగా ఈ రియాక్టెన్స్ వల్లే. అందుకే పెద్ద లైన్లలో కనిపించే ఫలితం ఇక్కడ రాదు. వోల్ట్-వాట్ అనే ఇంకో సెట్టింగ్ మాత్రం నాకు నచ్చింది. పూర్తిగా ఆగిపోకుండా ఉత్పత్తిని కొంచెం కొంచెంగా తగ్గిస్తుంది.

అసలు మార్పు సర్వీస్ వైరుతో వచ్చింది. స్తంభం నుంచి మాకు 40 మీటర్లు. పాతది 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం. పన్నెండు ఆంపియర్లు ఎదురు వెళ్తుంటే రానుపోను ఆ వైరులోనే దాదాపు ఏడు వోల్టులు పెరుగుతుంది. 10 చదరపు మిల్లీమీటర్లది వేస్తే అది మూడుకి పడిపోయింది. ఏ సెట్టింగూ ఇంత చేయలేదు. ఈ మాట కొటేషన్ ఇచ్చేటప్పుడు ఎవరూ ఎందుకు చెప్పరో!

మా బావగారి రైస్ మిల్లులో కథ వేరు. అక్కడ బిల్లు కేవీఏహెచ్ మీద, అంటే పని చేసే కిలోవాట్లే కాక రియాక్టివ్ పవర్ (దాని కొలత కేవీఏఆర్) కూడా కలిసిన కేవీఏ లెక్కన. మిల్లు 100 కిలోవాట్లు, 48 కేవీఏఆర్ తీసుకుంటోందనుకోండి, పవర్ ఫ్యాక్టర్ (కిలోవాట్లను కేవీఏతో భాగిస్తే వచ్చేది) 0.9. సోలార్ 60 కిలోవాట్లు ఇస్తే గ్రిడ్ నుంచి 40 కిలోవాట్లే వస్తాయి. కేవీఏఆర్ మాత్రం అంతే. పవర్ ఫ్యాక్టర్ 0.64కి జారుతుంది. కేవీఏ 111 నుంచి 62 దాకా వస్తుందే తప్ప, అనుకున్నట్టు 60 తగ్గదు. సోలార్ పెట్టినా బిల్లు అంత దిగలేదేమని ఆయన టెన్షన్ పడింది ఇందుకే. రియాక్టివ్ పవర్‌ను మిల్లులోనే ఇచ్చే కెపాసిటర్ ప్యానెల్‌లో స్టెప్పులు పెంచాక కుదుటపడింది. అక్కడి ఇన్వర్టర్‌తోనే రియాక్టివ్ పవర్ ఇప్పించవచ్చు కూడా. అంటే నా ఇంట్లో లాక్కోవాలి, మిల్లులో ఇవ్వాలి. ఒకే సెట్టింగ్ అందరికీ పెట్టి వెళ్లిపోయే ఇన్‌స్టాలర్లను నమ్మకండి.

ఇప్పుడు ట్రిప్పులు దాదాపు లేవు. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం వోల్ట్-వాట్ ఇంకా కోత పెడుతోంది. ఎన్ని యూనిట్లు పోతున్నాయో మాత్రం యాప్‌లో ఎక్కడా కనిపించదు. ఇన్వర్టర్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ యాప్‌కి రెండు.