రియోలో ఏ కొండ ఏ పూట ఎక్కాలి

రియో డి జనీరో వెళ్ళినవాళ్ళందరూ ఎక్కేవి రెండు కొండలు. క్రీస్తు విగ్రహం నిలబడ్డ కొర్కొవాడో ఒకటి, కేబుల్ కారు వెళ్ళే షుగర్‌లోఫ్ ఇంకొకటి. రెండూ చూడాల్సినవే. పూట తప్పితే మాత్రం రెండింటికీ పెట్టిన డబ్బు దండగ.

విగ్రహం తూర్పు ముఖంగా ఉంటుంది. పొద్దున ఎండ నేరుగా ముఖం మీద పడుతుంది. మధ్యాహ్నం దాటాక సూర్యుడు వెనక్కి వెళ్ళిపోయి, ఫొటోలో నల్లటి ఆకారమే మిగులుతుంది. అందుకే కొర్కొవాడో పొద్దున్నే ఎక్కాలి. అయితే అక్కడ అసలు చిక్కు మబ్బు. సముద్రం మీంచి వచ్చే తేమగాలి సుమారు 700 మీటర్ల కొండకు తగిలి, పైకి లేచి మబ్బు కడుతుంది. బీచ్‌లో ఎండ మండుతున్నా పైన విగ్రహం పాదాలు తప్ప ఏమీ కనిపించని రోజులుంటాయి. బొటాఫోగో తీరంలో నిలబడి తలెత్తితే కొండకొన కనిపిస్తుంది. అది తేటగా ఉంటేనే బయల్దేరండి. రియోలో కనీసం మూడు రాత్రులు ఉంటే ఈ వెసులుబాటు దొరుకుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా వానలు తక్కువ.

పైకి వెళ్ళడానికి కోస్మే వేల్యు నుంచి పళ్ళచక్రాల రైలు ఉంది. 1884లో మొదలైన ఈ మార్గం అడవిలోంచి వెళ్తుంది, ప్రయాణం సుమారు 20 నిమిషాలు. కానీ ఆ స్టేషన్ దగ్గర మెట్రో లేదు. తేలిగ్గా అయిపోవాలంటే లార్గో దో మషాడో మెట్రో దిగి, అక్కడి అధికారిక వ్యాను ఎక్కడం మేలు. పార్క్ లాజే నుంచి కాలిబాట కూడా ఉంది గానీ, నిటారుగా ఉంటుంది, దోపిడీలూ జరిగాయి. ఒంటరిగా అటు వెళ్ళొద్దు. విగ్రహం 30 మీటర్లు, 1931లో పూర్తయింది. దగ్గరికెళ్ళి చూస్తే అది ఒకే రాయి కాదని తెలుస్తుంది. కాంక్రీటు మీద సబ్బురాతి ముక్కలు, అరచేతిలో ఇమిడేంత చిన్న త్రికోణాలు, లక్షలకొద్దీ అతికించారు.

షుగర్‌లోఫ్ సాయంత్రానిది. సూర్యుడు కొర్కొవాడో వైపే దిగుతాడు. 1912 నుంచి నడుస్తున్న కేబుల్ కారు రెండు అంచెల్లో 396 మీటర్ల శిఖరానికి చేరుస్తుంది. అస్తమయానికి గంటన్నర ముందు కింద ఉండాలి. జూన్‌లో సాయంత్రం ఐదుంబావుకే పొద్దు వాలుతుంది, డిసెంబరు చివర్లో ఆరున్నర దాటుతుంది. చీకటి పడగానే అందరూ ఒకేసారి దిగడానికి ఎగబడతారు. దీపాలు చూస్తూ ఇంకో అరగంట పైనే ఆగితే క్యూ పలచబడుతుంది.

లాపా దగ్గరి సెలరోన్ మెట్లు, 215 మెట్ల నిండా రంగు పలకలు, పొద్దున తొమ్మిదిలోపే బాగుంటాయి. ఆ తర్వాత ఫొటోల వరసే. నగరం నడిబొడ్డు ఆదివారాలు ఖాళీగా, భయంగా ఉంటుంది. ఆ వైపు పనిరోజుల్లోనే పెట్టుకోండి.

బసకి ఇపనేమా అందం, ఖరీదు. కోపకబానాలో అన్ని ధరల గదులూ దొరుకుతాయి, మూడు మెట్రో స్టేషన్లున్నాయి. సాంతా తెరెజా వీధులు ముచ్చటగా ఉంటాయి గానీ మెట్రో లేదు, రాత్రిపూట కొండెక్కడం కష్టం. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి బొటాఫోగో మంచిది. బీచ్ నీళ్ళు స్నానానికి పనికిరావు, మిగతా అన్నిటికీ దగ్గర.

భోజనానికి కిలో లెక్కన అమ్మే హోటళ్ళు మన శాకాహారులకి వరం. ప్లేటులో మీరే వడ్డించుకుని తూకం వేయించాలి. అన్నమైనా చేపైనా ఒకటే ధర, కాబట్టి పుచ్చకాయ ముక్కలు వేసుకుంటే నీళ్ళకి డబ్బు కట్టినట్టే. నల్ల చిక్కుడు గింజల కూరలో పంది మాంసం కలిసే అవకాశం ఎక్కువ. ‘సెం కార్నె’ (మాంసం లేకుండా) అంటే చాలదు, చాలామందికి కోడి, హామ్ ఆ మాటలో చేరవు. వాటిని కూడా పేరు పెట్టి వద్దనాలి.

ఇంటి నుంచి రైస్ కుక్కర్ మోసుకెళ్ళకండి. రియోలో కరెంటు 127 వోల్టులు. 230 వోల్టులకి చేసిన మన 700 వాట్ల కుక్కర్ అక్కడ 200 వాట్ల పైచిలుకే లాగుతుంది, అన్నం ఉడకదు. ఫోన్ ఛార్జర్లకి ఇబ్బంది లేదు.

వీసాతో పాటు పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా మర్చిపోవద్దు. బ్రెజిల్ నుంచి తిరిగొచ్చేవాళ్ళని ఆ టీకా వేయించుకున్నట్టు చూపే పసుపు కార్డు మన విమానాశ్రయంలో అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. టీకా ప్రభుత్వం అనుమతించిన కేంద్రాల్లోనే వేస్తారు. వేయించుకున్న పదో రోజు నుంచే చెల్లుతుంది, కాబట్టి టికెట్ బుక్ చేసిన వారంలోనే ఆ పని ముగించుకోండి.