అమ్మ బైబిలుకు కొత్త కుట్టు: గుంటూరులో ఒక బైండింగ్ దుకాణం

గుంటూరు పట్నంబజారు వెనక సందుల్లో ఉన్న ఈ దుకాణానికి బోర్డు లేదు. పాత పుస్తకాలు కుట్టే సాయిబు గారి కొట్టు ఎక్కడని కాగితాల దుకాణాలవాళ్లను అడిగితే చూపిస్తారు. బైబిలో, కీర్తనల పుస్తకమో చినిగిపోయి, పారేయడానికి మనసొప్పక, బాగుచేయించే చోటు తెలియక బీరువాలో దాచుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పనితనానికి ఐదుకు ఐదు మార్కులు వేస్తాను. సమయపాలనకు రెండుకు మించి వేయలేను.

నేను ఇచ్చింది మా అమ్మ పరిశుద్ధ గ్రంథం. అమ్మ లూథరన్ సంఘంలో బైబిలు స్త్రీగా పనిచేసింది. ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించడం, చదువు రానివాళ్లకు అక్షరాలు నేర్పడం, జబ్బుపడినవాళ్ల మంచం పక్కన కూర్చుని ప్రార్థించడం ఆమె పని. 1842లో అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చి మిషను మొదలుపెట్టిన తర్వాత, ఈ ప్రాంతపు ఇళ్ల వంటగదుల దాకా వాక్యాన్ని మోసుకెళ్లింది ఇలాంటి ఆడవాళ్లే. మగ బోధకులు గడప దాటి లోపలికి వెళ్లలేని రోజుల్లో వీళ్లు వెళ్లారు. వాళ్ల పేర్లు సంఘ చరిత్రల్లో పెద్దగా కనిపించవు. వాళ్ల బైబిళ్లు మాత్రం చాలా ఇళ్లలో ఇంకా ఉన్నాయి, మా ఇంట్లో ఉన్నట్టే.

అమ్మ ఆ గ్రంథాన్ని ఎక్కువగా తీసుకెళ్లిన చోటు కూగ్లర్ ఆసుపత్రి. డాక్టర్ అన్నా కూగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చి, ఆడవాళ్లకు ఆడ డాక్టరు వైద్యం చేయాలని పట్టుబట్టి, 1898లో ఆ ఆసుపత్రి తెరిపించారు. 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. అమ్మ ఆమెను చూడలేదు. అయినా పెద్దావిడ ఒకరు ఇంట్లో ఉన్నట్టే మాట్లాడేది: "కూగ్లరమ్మ గారు నలభై ఏళ్లకు పైగా ఇక్కడే ఉండిపోయారు, మనం వార్డులో ఒక గంట కూర్చోలేమా?" అనేది. ఆ వార్డుల గంటలన్నీ ఆ గ్రంథం మీద పడ్డాయి. వెన్ను విరిగింది, అట్ట ఊడింది, ఆదికాండం మొదటి ఆకులు సగానికి చిరిగాయి, ప్రకటన గ్రంథం చివర్న దారానికి వేలాడుతూ ఉండేది.

ముందు ఇంకో చోట అడిగాను. అక్కడ చెప్పిన పద్ధతి ఇదీ: వెన్నును యంత్రం మీద కోసేసి, వేడి జిగురు పోసి, మూడు వైపులా అంచులు సమంగా కత్తిరించి, సాయంత్రానికల్లా కొత్తదానిలా ఇచ్చేస్తారట. డబ్బూ తక్కువే. పరీక్షల గైడుకు ఆ పద్ధతి సరిపోతుంది, బైబిలుకు పనికిరాదు. బైబిలు కాగితం ఉల్లిపొరంత పల్చన, జిగురు పట్టుకోవడానికి దానికి మందం ఉండదు. మడత కోసేస్తే ప్రతి ఆకూ విడిపోయి ఒంటరిదవుతుంది, కొన్నాళ్లకు ఒక్కొక్కటే ఊడి వస్తుంది. పైగా జిగురు వెన్ను బిగుసుకుపోయి, పుస్తకం బల్ల మీద పరిచినట్టు తెరుచుకోదు. రోగి పక్కన నిలబడి ఒక చేత్తో గ్రంథం, ఇంకో చేత్తో ఆమె చెయ్యి పట్టుకునే మనిషికి తెరిస్తే తెరిచినట్టే ఉండే పుస్తకం కావాలి.

సాయిబు గారు గ్రంథం తీసుకునే ముందు చేతులు కడుక్కున్నారు. బల్ల మీద మంచి గుడ్డ పరిచి దాని మీద పెట్టారు. లోపల తెరవకుండానే ముందు అంచును కొంచెం వంచి చూశారు. "అమ్మా, ఈ పుస్తకాన్ని మూడు చోట్ల బాగా చదివారు" అంటూ వేలితో చూపించారు. చేతి చెమటకు నల్లబడిన గీతలు అవి. తెరిచి చూస్తే ఒకటి కీర్తనల దగ్గర, ఒకటి యోహాను సువార్త దగ్గర. ఈ రెండూ నేను ఊహించినవే. మూడోది యాకోబు పత్రిక. ఐదే అధ్యాయాల చిన్న పత్రిక, అయినా అంచు మీద దాని గీత అన్నిటికన్నా నల్లగా ఉంది. క్రియలు లేని విశ్వాసం మృతమని చెప్పే పత్రిక అది. అమ్మ ఎక్కువ సేపు ఎక్కడ ఆగిందో బైబిలు చదవని ఒక పెద్దాయన అంచు చూసి చెప్పడం నాకు పెద్ద విషయంగా తోచింది.

తర్వాత ఆయన ఒకటే ప్రశ్న అడిగారు: అంచులు కత్తిరించాలా, వద్దా? నేను నోరు తెరిచేలోపే ఆయనే ఆకులు తిప్పి, "రాత ఉంది, కత్తిరించను" అన్నారు. ఈ ఒక్క మాటకే నేను ఈ దుకాణాన్ని ఎంచుకున్నాను.

ఆ రాత గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దాన్ని కాపాడడమే ఈ పని అసలు విలువ. అమ్మ వాక్యాల కింద గీతలు తక్కువ గీసింది. పక్కన ఖాళీలో పెన్సిలుతో చిన్న చిన్న మాటలు రాసుకుంది. మత్తయి 5వ అధ్యాయంలో, బలిపీఠం దగ్గర కానుక పెట్టేటప్పుడు నీ సహోదరునికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలి వెళ్లి ముందు సమాధానపడమని ప్రభువు చెప్పిన 23, 24 వచనాలు ఉన్నాయి కదా. ఆ పక్కన, కాగితం అంచుకు ఆనుకుని, "వెళ్లాను. తలుపు తీయలేదు" అని ఉంది. దాని కింద సిరాతో "మళ్లీ వెళ్లాను. కాఫీ ఇచ్చింది" అని ఉంది. ఎవరి ఇంటికో మా ఇంట్లో అందరికీ తెలుసు. నీళ్ల బావి దగ్గర మొదలైన తగాదాతో అమ్మకూ తోడికోడలికీ మాటలు లేవు. ఆ రోజుల్లో అమ్మ గుడికి వెళ్లేది గానీ ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి, ముందుకు వెళ్లేది కాదు. ఎందుకని అడిగితే చెప్పేది కాదు. ఒక ఆదివారం లేచి వెళ్లింది. దానికి ముందు వారంలో ఏం జరిగిందో ఆ అంచు మీద ఉంది.

యంత్రం కత్తి గోరువెడల్పు తీసేసినా "కాఫీ ఇచ్చింది" పోయేది.

నీ పూర్ణహృదయముతోను, నీ పూర్ణాత్మతోను, నీ పూర్ణశక్తితోను దేవుణ్ని ప్రేమించమన్న ఆజ్ఞను మనం చిన్నప్పటి నుంచి కంఠస్థం చెబుతున్నాం. సమర్పణ కూటాల్లో చేతులెత్తి ఏడ్చినవాళ్లను చాలామందిని చూశాను, ఆ కన్నీళ్లు నిజమైనవే. అయితే పూర్ణహృదయం అంటే ఏమిటో నాకు తెలిసింది ఈ అంచుల మీద. ఒక వాక్యం చదవడం, చెప్పులు వేసుకుని దాని ప్రకారం చేసి రావడం, తలుపు తీయకపోతే మళ్లీ వెళ్లడం. ఈ రాతలు వదులుకుని కొత్త బైబిలు కొనుక్కోమని నాకు చాలామంది సలహా ఇచ్చారు. వాళ్లకు చెప్పే సమాధానం ఇదే.

ఇక పని సంగతి. పాత కుట్టు మొత్తం విప్పి, ఫారాలు, అంటే కలిపి మడిచిన ఆకుల కట్టలు, వరుసగా పేర్చి లెక్క చూసుకున్నారు. వెన్ను మీద ఎండిపోయిన పాత జిగురును తడి మైదా పట్టించి నానబెట్టి, నెమ్మదిగా గీకి తీశారు. మడత దగ్గర చిరిగిన ఆకులకు పల్చటి కాగితం పట్టీలు అతికారు, వెలుతురులో పెట్టి చూస్తే తప్ప కనిపించవు. మైనం పట్టించిన నూలు దారంతో, వెన్నుకు అడ్డంగా గుడ్డ పట్టీలు వేసి, ఫారం తర్వాత ఫారం చేత్తోనే కుట్టారు. అతకడానికి వాడింది మైదా జిగురు, పురుగు పట్టకుండా అందులో కొంచెం మైలుతుత్తం కలుపుతారట. పైన ముదురు నీలం గుడ్డ అట్ట. రెక్సిను అడిగాను, వద్దన్నారు. మన ఎండలకు అది పగిలి పెచ్చులూడుతుందని ఆయన అనుభవం. ఇంట్లో ఉన్న పాత రెక్సిను ఆల్బములు గుర్తొచ్చి ఒప్పుకున్నాను.

ఇప్పుడు గ్రంథం ఎక్కడ తెరిచినా బల్ల మీద చదునుగా పడుకుంటుంది, ఆదికాండం మొదటి అధ్యాయం దగ్గర కూడా. కుట్టు పనిని పరీక్షించాలంటే పుస్తకం మధ్యలో తెరవకండి, మొదట్లోనూ చివర్లోనూ తెరవండి. చేతకాని కుట్టు అక్కడే బయటపడుతుంది.

అట్ట మార్చేటప్పుడు మామూలుగా ముందూ వెనకా ఉండే ఖాళీ ఆకులు తీసి పారేసి కొత్తవి వేస్తారు. ఈయన వెనక ఆకును జాగ్రత్తగా ఊడదీసి, కొత్త ఆకుకు ముందు దాన్ని మళ్లీ కుట్టారు. దాని మీద గుప్పెడు బియ్యం లెక్కలు ఉన్నాయి. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక గుప్పెడు తీసి ప్రభువు కోసం వేరే డబ్బాలో పోయడం తెలుగు సంఘాల్లో పాత అలవాటు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయిన అజరయ్య గారు దోర్నకల్‌లో, చేతిలో పైసా లేని కూలి కుటుంబాలకు కూడా ఇవ్వడం నేర్పారు. పేదవాడు పుచ్చుకునేవాడిగానే ఉండిపోకూడదు, ఇచ్చేవాడు కావాలన్నది ఆయన పట్టుదల. అమ్మ ఆకు మీద నెల పేరు, ఎదురుగా శేర్లలో బియ్యం, కొన్ని నెలలకు ఎదురుగా ఏమీ లేదు. ఆ ఖాళీ నెలలు మాకు తిండికి ఇబ్బందైన నెలలు. ఒక్క ఖాళీ నెల ఎదుట మాత్రం "తర్వాత కలిపి" అని ఉంది, మరుసటి నెల లెక్క రెట్టింపు ఉంది.

మెచ్చుకోలు అయింది. ఇబ్బందులు కూడా చెప్పాలి. చెప్పిన గడువుకు ఇవ్వలేదు, గడువు దాటాక కూడా తిప్పించుకున్నారు. ఫోను ఎత్తరు. క్రిస్మసు ముందు, పెళ్లిళ్ల కాలంలో అసలు ఇవ్వకండి, లెక్కల పుస్తకాల పని మీద పడి మీ గ్రంథం వెనక్కి వెళుతుంది. గుర్తు రిబ్బను పొట్టిగా వేశారు, కింద అంచు దాటి రాదు, వేలికి దొరకదు. వెన్ను మీద బంగారు అక్షరాలు కొంచెం వంకర. సెల్లోటేపు అతికించి ఉన్న చోట టేపు తీశారు గానీ గోధుమరంగు మరక పోలేదు. అది ఆయన తప్పు కాదు, ఆ మరక తీయడం చాలా కష్టం. ఇంట్లో చిరిగిన బైబిలుకు టేపు మాత్రం వేయకండి, అలాగే తీసుకెళ్లండి.

ఖరీదు తొమ్మిది వందలు తీసుకున్నారు. సాదా తెలుగు బైబిలు కొత్తది అంతకన్నా తక్కువకే దొరుకుతుంది. మీ పాతదానిలో రాతలు లేకపోతే, కుటుంబ జ్ఞాపకం ఏదీ లేకపోతే, కొత్తదే కొనుక్కోండి, మొదటి రోజు నుంచీ పెన్సిలు పక్కన పెట్టుకోండి. రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు చదివితే 1,189 అధ్యాయాలూ ఏడాదిలో పూర్తవుతాయి. ఫోనులో చదివేవాళ్లను నేను తప్పుపట్టను, ప్రయాణంలో నేనూ అలాగే చదువుతాను. అయితే నా మనవరాలు అమ్మ అంచు రాతలు చదివి, తోడికోడలి కథ అడిగి, ఆ మధ్యాహ్నమే స్నేహితురాలికి ఫోను చేసి మాట్లాడింది. చేతిరాత చూడకపోతే అడిగేది కాదు.

ఇప్పుడు మా స్త్రీల సమాజం వాళ్లం కలిసి గుడిలోని పాత కీర్తనల పుస్తకాలు ఆయనకు ఇవ్వాలనుకుంటున్నాం. వెళ్లేవాళ్లు అంచులు కత్తిరించవద్దని, ఖాళీ ఆకులు ఉంచమని, రిబ్బను నాలుగు వేళ్లు పొడుగు వేయమని ముందే చెప్పండి. లోపలి చీటీలు, ఎండిన పూలు, ఫొటోలు తీసి ఇంట్లో పెట్టుకుని వెళ్లండి. శుక్రవారం మధ్యాహ్నం ఆయన నమాజుకు వెళతారు, కొట్టు మూసి ఉంటుంది. ఆ రోజైతే నాలుగు తర్వాత వెళ్లండి.