పాత బ్యాంజో మెడ కొన్నా, వాయించడానికి కాదు గోడకి

నాలుగు స్టార్లు ఇస్తున్నా, అయిదోది ప్యాకింగ్ తినేసింది.

అమెరికా నుంచి తెప్పించుకున్న 1920ల నాటి టెనార్ బ్యాంజో మెడ ఇది, ఉత్త మెడే (తీగలుండే పొడుగు కర్ర), కింద డప్పు లేదు. మన కడపలో బ్యాంజో అంటే ఖవ్వాలీల్లో మీటలు నొక్కి వాయించే పెట్టె అనుకుంటారు, అది వేరే, ఇది గిటార్ మాదిరి పట్టుకునే నాలుగు తీగలది. అప్పట్లో జాజ్ బ్యాండుల్లో ఇదే హీరో, స్టేజీ మీద మెరవాలని కంపెనీలు పోటీపడి అలంకరించేవి, గిబ్సన్ వాళ్ళ ఫ్లోరెంటైన్ మోడల్‌కైతే మెడ మీద ఏకంగా వెనిస్ నగరం బొమ్మలే వేసినారు. తర్వాత అయిదు తీగల బ్యాంజో వాయించే ఎర్ల్ స్క్రగ్స్ దెబ్బకి అందరికీ అయిదు తీగల పిచ్చి పట్టి పాత మెడలు పీకేసి కొత్తవి వేయించుకున్నారు, అట్లా మిగిలినవే ఇప్పుడు కలెక్టర్ల చేతుల్లో తిరుగుతున్నాయి.

నాదాని మీద కంపెనీ పేరు లేదు. ముందువైపంతా ముత్యంలా మెరిసే రేకు, దాని మీద లతలూ పూలూ చెక్కి ఎరుపు, పచ్చ రంగులు నింపినారు, మధ్యమధ్యలో తెల్లరాళ్ళు (రెండు ఊడిపోయినాయి, ఫోటోలో కనపడకుండా భలే తీసినాడు మహానుభావుడు). పైన మొదటి మూడు మెట్ల మధ్య రంగు అరిగిపోయింది, ఎవరో తెగ వాయించినారు, నాకు అన్నిటికంటే అదే నచ్చింది.

అమ్మినాయన ముత్యపు చిప్ప అని రాసినాడు గానీ ఇది సెల్యులాయిడ్, పాతకాలం ప్లాస్టిక్. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే కర్పూరం వాసనొస్తాది, దాని తయారీలో కర్పూరమే కలుపుతారు మరి. రేటు మాత్రం సెల్యులాయిడ్‌కి తగ్గట్టే ఉండాది, ఎంతో ఇక్కడ రాయను, ఇంట్లోవాళ్ళు చదువుతారు. ప్యాకింగ్ అయితే ఒక్క చుట్టు పేపరు, అంతే, అంచు పట్టీ ఒకచోట లేచొచ్చింది.

ఇక్కడ ఫ్రేములు కట్టే భాయ్ చూసి "ఇదేంది సార్, వీణ యాడన్నా ఇరిగిందా" అన్నాడు, పని మాత్రం సూపర్. అద్దం వేసి గాలి పోకుండా బిగిస్తానంటే నేనే వద్దన్నా, సెల్యులాయిడ్ పాతదయ్యేకొద్దీ ఆమ్లం గ్యాసు వదుల్తాది, మూసిపెడితే అదే దాన్ని తినేస్తాది, మెట్ల ఇత్తడి కూడా పచ్చగా చిలుం పడతాది. మన ఎండలకి పడమటి గోడ అస్సలొద్దు, దీపం పక్కన పెడితే భగ్గుమంటాది.

కొనేవాళ్ళు పక్కనుంచి తీసిన ఫోటో అడగండి, మెడ వంగిందో లేదో ముందు ఫోటోలో తెలీదు. నాది కొంచెం వంగే ఉండాది, వాయించేది లేదు కాబట్టి పర్లేదు.