జనవరిలో సాంటా రోసా, సెబాస్టొపోల్: ఆకుల్లేని మొక్కల కోసం ఒక వీకెండ్

కాలిఫోర్నియా బే ఏరియాలో ఇల్లు కొన్న తెలుగువాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు పెరటి పిచ్చి పట్టుకుంటుంది. చాలామంది ఏప్రిల్‌లో నర్సరీకి వెళ్ళి, కుండీలో పూతమీదున్న మొక్కని చూసి మోజుపడి కొంటారు. అదే రకం జనవరిలో బాగా తక్కువ ధరకి దొరుకుతుంది. కాకపోతే ఆకు ఉండదు, మట్టి ఉండదు. చెట్టు నిద్రలో ఉన్నప్పుడు పొలంలోంచి తవ్వి, మట్టి దులిపి, వేళ్ళతో అలాగే అమ్ముతారు. బేర్ రూట్ అంటే ఇదే. డిసెంబరు చివర్లో మొదలై, ఫిబ్రవరి నడిమికి మంచివన్నీ అయిపోతాయి. అందుకే జనవరి లాంగ్ వీకెండ్‌లో ఫ్రీమాంట్ నుంచి సాంటా రోసా బయల్దేరాం. మాతో పాటు, రాజమండ్రి నుంచి వచ్చిన మా మామయ్యగారు. కడియం నర్సరీల మధ్య పెరిగిన మనిషి. మొక్కంటే వేళ్ళ చుట్టూ మట్టిముద్ద ఉండి తీరాలని ఆయన లెక్క.

అంతదూరం ఎందుకు, ఇంటి పక్క పెద్ద స్టోర్‌లో లేవా అంటే, ఉన్నాయి. బయల్దేరే ముందు అక్కడికీ వెళ్ళాం. రంపపు పొట్టు నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వేళ్ళు మూసేసి, కొమ్మలకి మైనం పూసి, హీటర్ నడుస్తున్న షాపు లోపల నిలబెట్టారు. ఆ వెచ్చదనానికి గులాబీలు అప్పుడే లేచి, పాలిపోయిన తెల్లటి చిగుళ్ళు వేస్తున్నాయి. సంచి విప్పి వేళ్ళు చూడనివ్వరు. అడిగితే చెప్పే మనిషీ లేడు. ధర మాత్రం అన్నిటికన్నా తక్కువ. సీజను మొదట్లో, లారీ దిగిన రోజే కొనుక్కునేవాళ్ళకి పర్వాలేదు. రెండు వారాలు దాటితే నేనైతే ముట్టుకోను.

దారి 880, 580 హైవేలు, రిచ్‌మండ్–శాన్ రఫేల్ బ్రిడ్జి, అక్కడినుంచి 101 హైవే. ట్రాఫిక్ లేకపోతే రెండు గంటల లోపే. వెళ్ళేటప్పుడు బ్రిడ్జి మీద టోల్ ఉంటుంది, వచ్చేటప్పుడు ఉండదు.

సాంటా రోసాలో ముందు చూసింది లూథర్ బర్బాంక్ ఇల్లు, తోట. 1875లో ఈ ఊరొచ్చి, జీవితమంతా మొక్కల్ని కలిపి కొత్త రకాలు తీసిన మనిషి. మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్‌కి వాడే రసెట్ బర్బాంక్ బంగాళాదుంప మూలం ఆయన తీసిన రకమే. 1906లో వచ్చిన సాంటా రోసా ప్లమ్ కూడా ఆయనదే. తోటకి టికెట్ లేదు. ఇంటి లోపలి టూర్లు మాత్రం ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే, కాబట్టి చలికాలంలో వెళ్తే బయటినుంచే చూడాలి. గులాబీలన్నీ మోడులే. అరగంట చాలు. సెబాస్టొపోల్‌లో ఆయన ప్రయోగాలు చేసిన గోల్డ్ రిడ్జ్ తోట నాకు దీనికన్నా నచ్చింది. వృద్ధుల అపార్ట్‌మెంట్లని ఆనుకుని మూడెకరాలు మిగిలింది. ఎవరికి వారే తిరిగి చూసుకోవచ్చు, అదీ ఉచితమే. ఆకుల్లేని చెట్లలో కొమ్మల అమరిక, పాత అంటు కట్టిన చోట ఉబ్బిన కాండం స్పష్టంగా కనిపిస్తాయి. మామయ్యగారు ఒక్కో చెట్టు దగ్గరా ఆగి, అంటు ఎక్కడ కట్టారో వేలు పెట్టి చూపిస్తుంటే మాకు గంటన్నర పట్టింది.

అసలు కొనుగోలు సెబాస్టొపోల్‌లోనే. ఊరికి వెళ్ళే 116 రోడ్డు పేరే గ్రావెన్‌స్టీన్ హైవే, అదొక ఆపిల్ రకం పేరు. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా ఆ ఆపిల్ తోటలే, ఇప్పుడు చాలావరకు ద్రాక్ష. ఆ రోడ్డు మీదే ఉన్న హార్మొనీ ఫార్మ్ సప్లైలో మొక్కల్ని తడి పొట్టు పోసిన తొట్లలో, రకం వారీగా పాతిపెట్టి ఉంచారు. అడిగితే పైకి లాగి చూపిస్తారు. ఇంత దూరం వచ్చింది దీనికోసమే.

ట్యాగు చూసి, "ఎండు పుల్లకి నలభై డాలర్లా అమ్మా?" అన్నారు మామయ్యగారు. అంటూనే గోటితో బెరడు కొంచెం గీకారు. కింద పచ్చగా, తడిగా ఉంది. వేళ్ళు తిప్పి చూశారు. ఒకటి విరిగి వేలాడుతోంది, మిగతావి నాలుగు వైపులా సమంగా ఉన్నాయి. అక్కడ పనిచేసే అమ్మాయి ఆ విరిగిన వేరుని కత్తెరతో శుభ్రంగా కోసి, ఎండ ఎంత పడుతుంది, నేల జిగురా ఇసుకా అని అడిగింది. మా ఊరి పేరు వినగానే బింగ్ చెర్రీ వద్దంది. ఇలాంటి పళ్ళ చెట్లు సరిగ్గా కాయాలంటే చలికాలంలో 45 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు చలి కొన్ని గంటలు పడాలి, ఎన్ని గంటలన్నది రకాన్ని బట్టి. బింగ్‌కి దాదాపు 700 గంటలు కావాలి, సాంటా రోసా ప్లమ్‌కి 300 చాలు, పైగా పక్కన జత చెట్టు లేకపోయినా కాస్తుంది. చెర్రీ కావాలనుకుంటే తక్కువ చలి చాలే మిన్నీ రాయల్, రాయల్ లీ ఉన్నాయి గానీ అవి జంటగానే నాటాలి. మా కాలనీలో ఒంటరి మిన్నీ రాయల్ ఒకటి ఏటా పూసి రాల్చేస్తోంది, ఆ ఇంటివాళ్ళకి ఇప్పుడు కారణం చెప్పొచ్చు. మేం ప్లమ్, 'అన్నా' అనే రకం ఆపిల్, 'ఫుయు' అనే రకం పర్సిమన్ (టమాటాలా ఉండే నారింజరంగు పండు) తీసుకున్నాం. గ్రావెన్‌స్టీన్ మీద మనసు పోయింది గానీ, దాని పుప్పొడి మరో చెట్టుకి పనికిరాదు, దానికేమో పక్కన వేరే ఆపిల్ కావాలి. మా పెరటికి అంత చోటు లేదు.

వేళ్ళకి తడి కాగితం ముక్కలు చుట్టి, ప్లాస్టిక్ కవర్లో కట్టి ఇస్తారు. సెడాన్‌లో వెనక సీటు ఒకవైపు మడిస్తే సరిపోతాయి. తిరుగు ప్రయాణంలో కారు హీటర్ వేయలేదు, స్వెట్టర్లు వేసుకున్నాం. అన్నట్టు, కరివేపాకు మొక్కని మాత్రం ఇలా కారులో వేసుకుని తిరగకండి. నిమ్మజాతికి తెగులు మోసే పురుగు దానిమీదా బతుకుతుంది కాబట్టి, ఆ బెడద ఉందని ప్రభుత్వం హద్దులు గీసిన క్వారంటైన్ ప్రాంతాలనుంచి బయటికి తీసుకెళ్ళడం నిషేధం.

బస విషయంలో రెండు రకాలూ చూశాం. మొదటి రాత్రి 101 పక్కన ఒక మోటెల్. చలికాలం కాబట్టి చవకే. రాత్రంతా లారీల మోత, హీటర్ ఆన్ చేస్తే కాలిన వాసన, చెబితే డెస్క్‌లో ఉన్నతను భుజాలెగరేశాడు. రెండో రాత్రికి సాంటా రోసాలోని రైల్‌రోడ్ స్క్వేర్ వైపు చిన్న సత్రంలాంటి ఇన్‌కి మారాం. ధర ఎక్కువే గానీ గ్రౌండ్ ఫ్లోర్ గది, వెనక నీడలో వరండా, మొక్కలు అక్కడ పెట్టుకోనిచ్చారు. మొక్కలు కొనడానికి వెళ్ళేవాళ్ళు బ్రేక్‌ఫాస్ట్ కన్నా ముందు ఇదే అడగాలి. వెచ్చటి గదిలో రాత్రంతా ఉంచడం మొక్కకి మంచిది కాదు. తిండికి ఇబ్బంది లేదు, ఇడ్లీ దోసెల మీద ఆశ పెట్టుకోకుంటే. మేం పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్ళాం.

గులాబీలకి ఇంతదూరం అక్కర్లేదు. శాన్ హోసేలో నాగ్లీ అవెన్యూ మీదున్న మునిసిపల్ రోజ్ గార్డెన్‌కి జనవరిలో వెళ్తే, అయిదున్నర ఎకరాల తోటని వాలంటీర్లు కత్తిరిస్తుంటారు. మొగ్గకి ఎంత పైన కోయాలో కళ్ళారా చూసి నేర్చుకోవచ్చు. మొక్కల్ని మాత్రం మెయిల్ ఆర్డర్‌లో తెప్పించుకోవడమే మేలనిపించింది. గ్రేడ్ 1 అని రాసి ఉంటేనే తీసుకోండి, కనీసం మూడు బలమైన కొమ్మలుంటాయి. "పూజకి పెడితే గది నిండా వాసన రావాలి" అన్నారు మామయ్యగారు. మిస్టర్ లింకన్ తెప్పించాం, 1964 నాటి ఎర్ర గులాబీ. అంటు కింది నుంచి వచ్చే పిలకల్ని ఎప్పటికప్పుడు పీకెయ్యాలి. లేకపోతే కొన్నాళ్ళకి, అంటుకి కింద వేళ్ళ కోసం వాడిన డాక్టర్ హ్యూయీ అనే గులాబీ రకమే పెరిగిపోయి, ముదురెరుపు చిన్నపూలు పూస్తుంది.

ఇంటికొచ్చాక వేళ్ళని కొన్ని గంటలు బకెట్లో నానబెట్టి నాటాం. మాది జిగురు నేల. గుంత వెడల్పుగా, వేళ్ళు పట్టేంత లోతులోనే తీసి, తవ్విన మట్టినే మళ్ళీ నింపాం. ఎరువు వెయ్యలేదు. అంటు నేలకి రెండు మూడు అంగుళాలు పైనే ఉంచాం. ఇంతదాకా మామయ్యగారికి అభ్యంతరం లేదు. ప్లమ్‌ని మోకాలెత్తులో కోసెయ్యాలి అనగానే కత్తెర లాక్కున్నారు.

"పెంచడానికి కొన్నావా, నరకడానికా?"

"తవ్వినప్పుడు సగం వేళ్ళు పోయాయి మామయ్యగారూ, పైన కూడా తగ్గించాలట. కొమ్మలు కిందనుంచే వస్తే నిచ్చెన లేకుండా కోసుకోవచ్చు."

కాసేపు ఆలోచించి, ప్లమ్ నాకిచ్చేసి, ఆపిల్ జోలికి రావద్దన్నారు. కాండాలకి మాత్రం తెల్ల లేటెక్స్ పెయింటు సగం నీళ్ళు కలిపి ఆయనే పూశారు. ఎండకి బెరడు పగలకుండా, పురుగు తొలవకుండా ఉంటుంది.

వచ్చే సీజనుకి అరుదైన పాత ఆపిల్ రకాలు కావాలంటే పాసో రోబుల్స్‌లోని ట్రీస్ ఆఫ్ యాంటిక్విటీకి చలి రాకముందే ఆర్డరు పెట్టుకోవాలి. మామూలు ప్లమ్, పర్సిమన్, ఫిగ్‌లకి జనవరి మొదటి వారంలో దగ్గరి నర్సరీకి ఫోన్ చేసి, తొట్లలో పాతినవా, సంచుల్లో కట్టినవా అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. సంచుల్లోవి అంటే అప్పుడు సెబాస్టొపోల్‌కి గది బుక్ చేసుకోండి.