స్టీమ్ గార్డ్: మెయిల్ కోడా, ఫోన్ ఆథెంటికేటరా?

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో మీ పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా, దాన్నే ఇంకో సైట్‌లోనూ వాడితే అక్కడ లీకైన రోజే ఇక్కడా తలుపు తెరుచుకుంటుంది. అందుకే స్టీమ్ గార్డ్ అనే రెండో తాళం: లాగిన్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడుగుతుంది. మెయిల్ కోడ్ పెట్టుకోవడం తేలిక, ఫోన్ మార్చినా తంటా లేదు. కానీ మెయిల్ చేజారితే ఖాతా కూడా పోయినట్టే. ఆథెంటికేటర్ అంటే స్టీమ్ ఫోన్ యాప్‌లో ఉండే కోడ్ యంత్రం; అందులో ఐదక్షరాల కోడ్ మీ ఫోన్‌లోనే పుట్టి 30 సెకన్లకోసారి మారిపోతుంది. స్కిన్లు (గేమ్‌లో ఆయుధాలకీ, పాత్రలకీ వేసే అలంకారాలు) ఇచ్చిపుచ్చుకునేవాళ్లకైతే వేరే దారే లేదు: ఇది లేకుంటే ట్రేడ్ 15 రోజుల దాకా ఆగిపోవచ్చు. నకిలీ లాగిన్ పేజీలో మీ చేత్తో మీరే కోడ్ కొట్టేస్తే మాత్రం రెండూ దండగే. అయినా నా ఓటు ఆథెంటికేటర్‌కే. ఫోన్ పోతే చుక్కలు కనిపిస్తాయి కాబట్టి, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే రికవరీ కోడ్‌ని ఈరోజే కాగితం మీద రాసి దాచుకోండి.